నా చెవుల్ని నమ్మిన మనిషి

పాటంటే నేను చెవి కోసుకుంటానని మా మైదుకూరులో చెప్పుకుంటారు. అది తప్పని ఎన్నిసార్లు చెప్పినా మా వాళ్ళ బుర్రకెక్కలేదు. పాట బాగుందా లేదా అన్నది పాడినవాళ్ళ సంగతి. నాకు కావలసింది శబ్దం. మృదంగం మీద వేలు పడితే తోలు మీద పడ్డట్టే వినపడాలి. పాడే మనిషి ఊపిరి పీల్చుకుంటే ఎదురుగా కూర్చొని పీల్చినట్టు తెలియాలి. ఇరవై ఆరేళ్ళ వయసులో, అంగడికి రంగు డబ్బాలు బేరమాడడానికి మద్రాసు పోయినప్పుడు, అక్కడి వ్యాపారి ఒకాయన నన్ను మేడ మీదికి తీసుకుపోయి తన విదేశీ సెట్టు మీద ఒక భజన రికార్డు వినిపించాడు. తాళాలు ఒకసారి కొట్టి వదిలేస్తే ఆ కంచు మోత సన్నబడి, ఇంకా సన్నబడి, ఎక్కడ ఆగిందో తెలియకుండా గాలిలో కలిసిపోయింది. ఆ రోజు ఎన్ని డబ్బాలు కొన్నానో గుర్తులేదు. ఆ మోత మాత్రం గుర్తుంది.

అప్పుడు చెవులున్నాయి, సెట్టు కొనే తాహతు లేదు. అంగడి నిలబెట్టుకోవాలి, తమ్ముళ్ళను చదివించాలి, పిల్లల్ని చూసుకోవాలి. ఈ పిచ్చి ఉన్నవాళ్ళెవరిని చూసినా ఇదే వరస. పట్టేది ఇరవైల్లో, తీర్చుకునేది యాభైల్లో. మంచి సెట్ల ముందు కూర్చున్న మొహాలన్నీ నెరిసిన మీసాలవే. ఆ మధ్యలో ముప్పై ఏళ్ళు చెవులు ఊరికే కూర్చొని ఉంటాయా అని మాలో ఒక్కడూ ఆలోచించిన పాపాన పోలేదు.

కడపలో భాయి దగ్గరికి నేను మొదటిసారి పోయింది నలభై తొమ్మిదో ఏట. ఆయన నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. నేను భాయీ అనేవాణ్ణి, ఆయన శెట్టీ అనేవాడు, పదకొండేళ్ళ స్నేహంలో పేర్లతో పనిపడలేదు. వయసులో ఉన్నప్పుడు ఆయన టూరింగు టాకీసుల్లో ఆంప్లిఫైయర్లు చూసుకునేవాడు. టాకీసులు మూతపడ్డాక ఇళ్ళకు సెట్లు తయారుచేయడం మొదలుపెట్టాడు. వాల్వులతో ఆంప్లిఫైయరు, టేకు చెక్కతో స్పీకరు పెట్టెలు, అన్నీ చేత్తోనే. బజార్లో అప్పుడే దిగుతున్న హోం థియేటర్లను చూస్తే ఆయనకు ఒళ్ళు మంట. 'అది శబ్దం కాదు శెట్టీ, గలాటా' అనేవాడు. ఏడాదికి మూడు, మహా అయితే నాలుగు సెట్లు చేసేవాడు. డాక్టర్లు, కంట్రాక్టర్లు, ముగ్గురాళ్ళ గనుల వాళ్ళు కొనుక్కుపోయేవాళ్ళు.

సెట్టు పూర్తయితే ముందు ఫోను నాకే. 'శెట్టీ, ఒకటి తయారుగా ఉండాది. ఆదివారం వచ్చిపో.' నేను టిఫిను కూడా సరిగ్గా తినకుండా బస్సెక్కేవాణ్ణి. అంగడి వెనక గదిలో గోడల నిండా పాత బొంతలు వేలాడదీసి ఉండేవి, శబ్దం గోడకు తగిలి తిరిగి రాకుండా. మధ్యలో ఒకటే కుర్చీ. అది నాకు. ఆయన సెట్టు పక్కన నేల మీద, నా వైపు తిరిగి కూర్చునేవాడు. రికార్డు తిరుగుతున్నంతసేపూ పెట్టెల వంక చూసేవాడు కాదు, నా మొహమే చూసేవాడు. 'పైన ఎట్ల ఉండాది?' అని అడిగేవాడు. పైన అంటే సన్నని శబ్దాలు. తాళాలు, గజ్జెలు, కంజీర బిళ్ళలు. నేను కళ్ళు మూసుకొని, పెద్ద విద్వాంసుడి మాదిరి తల పంకించి, 'బాగుండాది భాయీ' అనేవాణ్ణి. ఒక్కోసారి ఉబుసుపోకకు 'పైన ఇంకొంచెం పెంచు' అనేవాణ్ణి. ఆయన మారు మాట్లాడకుండా విప్పి, మార్చి, మళ్ళీ వినిపించేవాడు. నేను బాగుందన్నాకే పెట్టె వెనక సుద్దముక్కతో ఒక గీత గీసేవాడు. గీత పడని సెట్టు ఆ గడప దాటేది కాదు.

అదంతా నా మీద గౌరవం అనుకున్నాను. నా మొహం! కొనడానికి వచ్చినవాళ్ళతో 'మైదుకూరు శెట్టి విన్నాడు, ఇంక మీకు ఏ అనుమానం అక్కర్లేదు' అని ఆయన చెబుతుంటే నాకు ఆ వారమంతా కాళ్ళు నేల మీద ఆనేవి కావు. ఇంటికి వచ్చి మా ఆవిడకు ఆ మాట రెండుసార్లు చెప్పేవాణ్ణి.

ఇంతలో వయసు తన పని తాను చేసుకుపోతూనే ఉంది. కళ్ళు మందగిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి, తెలుస్తుంది. మోకాళ్ళు పట్టేస్తే తెలుస్తుంది. చెవి అట్లా కాదు. వినపడని శబ్దం ఒకటుందని ఎట్లా తెలుస్తుంది? ఒక ఏడు ఒంటిమిట్ట ఉత్సవాల్లో భజన చేస్తున్నవాళ్ళ దగ్గర నిలబడ్డాను. తాళాలు టక్కు టక్కుమంటున్నాయి గానీ మోత లేదు. ఊరుకుంటానా? భజన ఆగగానే తాళాలు పట్టుకున్నతని దగ్గరికి పోయి, 'ఏమప్పా, యాడ కొన్నారు ఇవి? రేకు ముక్కలు కొట్టినట్టుండాది' అన్నాను. అతను తాళాల వంకా నా వంకా చూసి, 'మా తాతల నాటివి సామీ, కంచువి' అన్నాడు. కంచులో కల్తీ ఆ కాలంలోనే మొదలైందన్నమాట అనుకుంటూ వచ్చేశాను. మా ఆవిడ పక్కనే ఉంది. ఏదో చెప్పబోయి, నా మొహం చూసి ఊరుకుంది.

అరవై దగ్గరపడుతుంటే నాకు తొందర పుట్టింది. 'భాయీ, ఇన్నాళ్ళూ అందరికీ చేసినావు. నాకొక జత చెయ్యి. నా చివరి సెట్టు ఇదే' అన్నాను. మద్రాసులో విన్న తాళాల సంగతి చెప్పాను. ఆ మోత మళ్ళీ వినపడాలి, అంతకు మించి నాకేమీ వద్దన్నాను. ఆయన కాసేపు గడ్డం నిమురుకున్నాడు. 'చేస్తా శెట్టీ. నా పేరు చెప్పుకోడానికి ఒకటుండాల గదా, అది ఇదే అనుకో' అన్నాడు.

ఎనిమిది నెలలు పట్టింది. పడగొట్టిన పాత మిద్దె నుంచి టేకు దూలాలు తెచ్చి కోయించాడు. పెట్టె గోడలు అదరకూడదని రెండు పలకల మధ్య పెన్న ఇసుక జల్లించి, ఎండబెట్టి, నింపాడు. సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్లను, ట్వీటర్లంటారు వాటిని, సింగపూరు నుంచి వచ్చే వాళ్ళెవరితోనో తెప్పించాడు. నేను నెలకు రెండుసార్లు పోయి, కట్టుబడి జరుగుతున్న ఇల్లు చూసుకున్నట్టు చూసుకొని వచ్చేవాణ్ణి.

ఆ ఆదివారం వచ్చింది. అదే కుర్చీ, అవే బొంతలు. మృదంగం గుండెల్లో మోగింది. పాడే మనిషి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. తాళాలు పడ్డాయి. టక్కు. అంతే. మళ్ళీ వెయ్యమన్నాను. మళ్ళీ టక్కు.

'పైన ఏమీ లేదు భాయీ' అన్నాను.

'లేదా?' అన్నాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. 'బాగా విను శెట్టీ, ఇంకోసారి.'

'వినేదేముంది? లేదు.'

ఆయన విప్పాడు, మార్చాడు. తర్వాతి ఆదివారం మళ్ళీ విన్నాను. లేదు. ట్వీటర్లు మార్చి కొత్త జత బిగించాడు. మూడో ఆదివారం పోయేసరికి అక్కడ గని యజమాని ఒకాయన, ఇంకో ఇద్దరు ఉన్నారు, అందరూ భాయి చేసిన సెట్లు కొన్నవాళ్ళే. నా సెట్టు గురించి విని చూడ్డానికి వచ్చారు. వాళ్ళ ముందు రికార్డు వేశాడు. టక్కు. నేను ఒంటికాలి మీద లేచాను.

'ఏం భాయీ, సింగపూరు సరుకని చెప్పి యాడిదో నకిలీది బిగించినావు గదా? పదకొండేండ్లు నీ సెట్లకు పేరు తెచ్చింది నా చెవులు. నా చెవిలోనే పువ్వు పెట్టాలని చూస్తాండావా?'

ఆయన చేతిలో స్క్రూడ్రైవరు అట్లాగే ఉండిపోయింది. ఎదురు తిట్టలేదు, ఒట్టు పెట్టుకోలేదు. 'నీకు వినపడలేదంటే లేనట్టే శెట్టీ' అన్నాడు.

తప్పు ఒప్పుకున్నాడనుకున్నాను. గని యజమాని నా వైపు తిరిగి, 'అయితే మాది కూడా ఇంతేనా?' అన్నాడు. 'ఎవరికి తెలుసు' అన్నాను. ఆ రెండు మాటలు నోట్లోనే ఆపుకొని ఉంటే! నోటికి హద్దూ అదుపూ లేని మనిషిని నేను, ఇప్పటికీ అంతే.

పెట్టెలు మాత్రం ఒక మినీ లారీలో ఇంటికి తెచ్చుకున్నాను. కడప బస్టాండులో, మా అంగట్లో, పెళ్ళి పందిళ్ళలో, కనపడ్డవాళ్ళందరికీ భాయి మోసం చేశాడని చెప్పాను. కొన్ని నెలలకు ఆయన అంగడి మూసేశాడని ఎవరో చెప్పారు. తగిన శాస్తి అయిందనుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నది అనుకున్నట్టే రాయాలి.

ఇంట్లో ఆ సెట్టుకు పైశబ్దం పెంచే మీటను చివరిదాకా తిప్పి పెట్టుకున్నాను. అట్లా పెడితే తాళాల మోత ఏదో నీడలాగా తగిలేది. మా ఆవిడ మాత్రం సెట్టు వేయగానే చెవులు మూసుకొని పెరట్లోకి పోయేది. 'ఏందండీ అది, చెవుల్లో సూదులు గుచ్చినట్టుండాది. తలకాయ నొప్పి పుడ్తాంది' అనేది.

'నీకేం తెలుసే? తాలింపు చిటపటలు వినడానికి పుట్టిన చెవులు నీవి' అని విసుక్కునేవాణ్ణి.

'అవునండీ. అవి బాగా వినపడతాయి నాకు' అనేది.

ఏడాది గడిచింది. ఆమె తలనొప్పి నిజమేనని నాకే అనిపించి, ఈమె చెవుల్లో ఏదో రోగముందని నేనే తీర్మానించి, కర్నూలులో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. మా ఆవిడ వద్దని మొత్తుకుంది. వినలేదు.

అక్కడ ఒక చిన్న గది. ఒక అమ్మాయి మనిషిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దాలు వినిపిస్తుంది. వినపడినప్పుడల్లా ఒక బటను నొక్కాలి. మా ఆవిడ నొక్కుతూ పోయింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయంది ఆ అమ్మాయి. నేను ఒప్పుకోలేదు. ఈ మిషను సంగతి నాకు తెలియదా, ఒకసారి నాకు పెట్టి చూడమని దబాయించాను. ఆ అమ్మాయి నవ్వి, 'కూర్చోండి సార్' అంది.

లావు శబ్దాలు వచ్చాయి, నొక్కాను. మధ్య శబ్దాలు వచ్చాయి, నొక్కాను. నా అంత బాగా నొక్కేవాడు ఇక్కడికి వచ్చి ఉండడనుకున్నాను. ఆ తర్వాత ఏమీ రాలేదు. ఎదురు చూశాను. హెడ్‌ఫోన్లు కొంచెం ఎత్తి, 'అమ్మా, నీ మిషను ఆగిపోయినట్టుంది' అన్నాను.

'లేదు సార్, వస్తాంది' అంది.

'యాడొస్తాంది?'

ఆమె హెడ్‌ఫోన్లు నా తల మీద నుంచి తీసి, పక్కనే నిలబడ్డ మా ఆవిడ చెవి దగ్గర పెట్టింది. మా ఆవిడ ఉలిక్కిపడి తల వెనక్కి లాక్కుంది. 'కీచుమంటాంది కదమ్మా' అంది. అని నా వైపు చూసింది. ఆ చూపులో ఎగతాళి లేదు. ఎగతాళి చేసినా బాగుండు.

డాక్టరు ఒక గీతల కాగితం ముందర పెట్టాడు. గీత కొంతదూరం తిన్నగా వచ్చి, ఒక చోట కాలు జారినట్టు కిందికి పడిపోయింది. 'వయసుతో వచ్చేదే, మాటలకు ఇబ్బంది లేదు కాబట్టి మీకు తెలియలేదు. ఒక్కరోజులో పోయింది కాదు లెండి, పది పన్నెండేళ్ళ నుంచే పోతూ ఉంటుంది' అన్నాడు. మందేమైనా ఉందా అని అడిగాను. లేదన్నాడు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

తిరుగు బస్సు నంద్యాల దాటింది. మా ఆవిడ మెల్లగా, 'ఆ సాయిబుకు ఏం చెప్తారు?' అంది. సెట్టు పోయినా ఫరవాలేదు, చెవులు పోయినా ఎట్లాగో బతకొచ్చు. నేను ఆయన పేరు తీసేశాను. ఎట్లాగైనా సరే, ఆ పేరు ఆయనకు తిరిగి ఇచ్చేయాలనుకున్నాను. అది నా చేతిలో ఉందనే అనుకున్నాను.

మరుసటి రోజు పొద్దున్నే కడప పోయాను. భాయి ఇల్లు అంగడికి నాలుగు సందుల అవతల. వసారాలో చాప మీద కూర్చొని సీలింగు ఫ్యాను మోటారుకు రాగితీగ చుడుతున్నాడు. ఏడాదిలో గడ్డం పూర్తిగా నెరిసిపోయింది. నన్ను చూసి లేవబోయాడు. నేనే ఆయన పక్కన చాప మీద కూలబడ్డాను.

'అంగడి ఎందుకు మూసినావు భాయీ? నేనన్న మాటకు జనాలు రావడం మానేసినారా?'

'జనాలు వచ్చినారు శెట్టీ, తక్కువే గానీ వచ్చినారు. నేనే చేయలేదు.' తీగ చుట్టడం ఆపకుండానే చెప్పాడు. 'నీకొక మాట చెప్పాల. నాకు పైన వినపడదు. శానా ఏండ్లయింది. టాకీసుల్లో హారన్ స్పీకర్ల పక్కన పండుకొన్నోణ్ణి, యాడ మిగుల్తాయి చెవులు? నువ్వు నా దగ్గరికి రాకముందే పోయినాయి. చెప్తే ఎవరు చేయించుకుంటారని దాచిపెట్టినా. ఆ పొద్దే అంగడి కట్టేద్దామనుకుంటాంటే నువ్వొస్తివి. నీ చెవులు చూసినాక ధైర్యమొచ్చింది. నువ్వు బాగుండాదంటే బాగుండాది, లేదంటే లేదు. అట్లనే చేసినా అన్నీ.'

'మరి నేను నకిలీదన్న రోజు?'

'అల్లా సాక్షిగా అసలు సరుకే. అయితే నువ్వు లేదంటివి. నాకెటూ వినపడకపాయె. ఇంక నా చేతుల్లోనే పని పోయిందనుకుంటి. వినపడనోడు చేసే పని కాదు ఇది, ఇన్నాళ్ళు దేవుడు గట్టెక్కించినాడు, చాల్లే అనుకుంటి. సగం చేసినవి రెండు జతలుంటే విప్పేసినా.'

మోసగాడని నేనంటే ఆయన కోపగించుకోలేదు. నన్ను నమ్మాడు. ఏడాదంతా తన పని చెడిందని నమ్మి, చాప మీద ఫ్యాన్లు చుట్టుకుంటూ కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. జేబులో కాగితం తీసి ఆయన ఒళ్ళో పెట్టాను. మా ఆవిడ సూదుల సంగతి, కర్నూలు గది, హెడ్‌ఫోన్లు, అన్నీ గడగడా చెప్పేశాను.

'తప్పు నీ చేతిది కాదు భాయీ, నా చెవిది. నీ పెట్టెలు బంగారం. నేనే చెవిటి వెధవని.'

ఆయన చేతిలో తీగ వదిలేశాడు. 'మోగుతాండాయా తాళాలు?' అన్నాడు.

'మోగుతాండాయి. నా పెండ్లాం చెవులు మూసుకొని పారిపోతాంది.'

ఆయన నవ్వాడు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకొని మళ్ళీ నవ్వాడు. లోపలికి తిరిగి చాయ్ పెట్టమని గట్టిగా కేకేశాడు. నిన్నటి నుంచి నా గుండె మీదున్న బరువు దిగింది. మళ్ళీ అంగడి తెరుద్దామని, తప్పు నాదేనని ఆ గని యజమానికి నేనే పోయి చెప్తానని, ఏమేమో చెప్పుకుపోతున్నాను.

ఆయన కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ఇట్లాంటి గీతలు ఆయనకు కొత్త కాదు, మీటర్లతో బతికిన మనిషి. గీత వెంబడి వేలు పోనిచ్చి, అది పడిపోయిన చోట ఆపాడు.

'ఎప్పటి నుంచంట ఇది?' అన్నాడు.

నా అంత తెలివితక్కువ మనిషి ఇంకొకడుండడు. ఆ సంతోషంలో, డాక్టరు చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాను. 'ఒక్కరోజులో పోయింది కాదంట భాయీ. పది పన్నెండేండ్ల నుంచే పోతాందంట.'

ఆయన వేలు అక్కడి నుంచి లేవలేదు. పెదాలు కదులుతున్నాయి. ఏదో ప్రార్థన అనుకున్నాను. కాసేపటికి గానీ లెక్కపెడుతున్నాడని అర్థం కాలేదు. కడప డాక్టరుది, నంద్యాల కంట్రాక్టరుది, గని యజమానిది, ప్రొద్దుటూరులో రెండు. ముప్పై అయిదో, ముప్పై ఆరో. ఒక్కొక్కటీ నేను కళ్ళు మూసుకొని తల పంకించిందే. ఆయన సరిగ్గా చేసిన వాటిని 'ఇంకొంచెం పెంచు' అని నేను విప్పించినవి వాటిలో ఎన్ని ఉన్నాయో.

'శెట్టీ' అన్నాడు. 'అయితే నువ్వు బాగుండాయన్నవన్నీ?'

లోపలి నుంచి చాయ్ గ్లాసులు వచ్చాయి. రెండూ మా మధ్యనే చాప మీద పెట్టి పోయారు. ఎవరమూ తీసుకోలేదు.

'బాగుండాయి భాయీ' అన్నాను. 'అన్నీ బాగుండాయి.'

'నీకెట్ల తెలుసు?' అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.